ఆషాఢంలో అచ్చయిన కవిత్వం

నెల్లూరులోనైనా, కావలిలోనైనా, ఒంగోలులోనైనా సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి అచ్చు వేసిన లెటర్ ప్రెస్సు రోజుల్లో కవిత్వం పుస్తకానికి ముహూర్తం కుదరాలంటే ముందు ఊళ్లో పెళ్లి ముహూర్తాలు ఆగాలి. మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు శుభలేఖలవి. బళ్లు తెరిచే రోజుల్లో ఫీజు రసీదులు, హాజరు పట్టీలు, ప్రోగ్రెస్ కార్డులు. ఎన్నికలొస్తే కరపత్రాలు, గోడపత్రికలు. ఏడాది పొడుగునా బిల్లు పుస్తకాలు ఉండనే ఉంటాయి. ఇవి రొక్కం పనులు. కవిత్వం అప్పు పని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ మూడు నెలల్లో అక్షరాలు పేర్చే కంపోజిటర్ చేతికి కాస్త తీరిక దొరికేది. ఆషాఢం మొదట్లో స్కూళ్ల పని కొంత అడ్డం వచ్చినా, మూడో వారానికల్లా కేసులు, అంటే అక్షరాల అరల పెట్టెలు, కవిత్వానికి దొరికేవి. శుభకార్యాలు చేయకూడని నెలల్లో మన దగ్గర కవిత్వం పుట్టింది. నాకు ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా ఇష్టంగానే ఉంటుంది.

ఈ క్యాలెండరు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కాలేజీ తెలుగు లెక్చరర్లు. నెల్లూరు వి.ఆర్. కాలేజీ, సర్వోదయ, కావలి జవహర్ భారతి, కందుకూరు టి.ఆర్.ఆర్. కాలేజీ, ఒంగోలు సి.ఎస్.ఆర్. శర్మ కాలేజీ వంటి చోట్ల తెలుగు శాఖలో ఉద్యోగం, ఇంట్లో కవిత్వం, ఇంటి నంబరే చిరునామాగా ఒక చిన్న ప్రచురణ సంస్థ. ఒకే మనిషి మూడు పనులు. ఆ మనుషుల పేర్లు చెప్పడం కోసం కాదు ఇది రాయడం. వాళ్ల పని ఎలా నడిచేదో, ఎక్కడ చిక్కుకునేదో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ పని గురించి చెప్పకుండా వాళ్ల కవిత్వం గురించి మాత్రమే మాట్లాడితే సగం మాట్లాడినట్టు.

ఈ వరసకు పెద్ద వేదం వెంకటరాయశాస్త్రి గారు (1853–1929). మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా పనిచేస్తూ, నాటకాలు రాస్తూ, జ్యోతిష్మతి అనే సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. నాటక సమాజాన్ని నెల్లూరులో నడిపించారు. పాఠం చెప్పినవాడే రాయడం, రాసినవాడే అచ్చు వేయించడం మనవైపు అప్పటినుంచీ ఉన్నదే. ఆయనకు సొంత ప్రెస్సు ఉంది. తర్వాతి తరాల లెక్చరర్లలో చాలామందికి ప్రెస్సు లేదు, ప్రెస్సువాడితో స్నేహం ఉంది. సొంతమైనవి కాగితం, ప్రూఫు, అప్పు.

మొదటి పుస్తకానికి మొదటి నిర్ణయం సైజు. క్రౌన్ 1/8 అంటే ఏడున్నర అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు. డెమీ 1/8 అంటే ఎనిమిదిన్నర, అయిదున్నర. వచన కవిత రాసేవాళ్లకు క్రౌన్ చాలు. పద్యం రాసేవాళ్లకు చాలదు. క్రౌన్ పేజీలో అచ్చు వెడల్పు 22 ఎమ్‌లకు మించదు (ఎమ్ అంటే అంగుళంలో ఆరో వంతు). 12 పాయింటు అచ్చులో ఉత్పలమాల పాదం, 20 అక్షరాలు, అంచుకు తగులుతూ సరిపోతుంది. సమాసాలు, ఒత్తులు, సున్నలు దట్టంగా ఉన్న మత్తేభం పాదం దాటిపోతుంది. దాటితే చివరి రెండు మూడు అక్షరాలు కింది వరుసలో కుడివైపు వేలాడతాయి. చదివేవాడికి యతి దగ్గర ఊపిరి తప్పుతుంది. అందుకే పద్యకవులు పట్టుబట్టి డెమీ తీసుకునేవాళ్లు. అక్కడ 24 ఎమ్‌లు దొరుకుతాయి. సీసపద్యానికి ఈ బాధ లేదు. పాదాన్ని నాలుగు గణాల దగ్గర విరిచి రెండు వరుసలు చేస్తారు, కింది సగాన్ని కాస్త లోపలికి జరుపుతారు. తరగతిలో గణవిభజన చెప్పే చెయ్యే ఇక్కడ కంపోజిటర్‌కు పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చేది.

కాగితం లెక్క నోటికి రావాలి. క్రౌన్ 1/8 పుస్తకానికి డబుల్ క్రౌన్ కాగితం, 20 అంగుళాలు, 30 అంగుళాలు. ఒక షీటులో 16 ఆకులు, అంటే 32 పేజీలు. 96 పేజీల పుస్తకానికి మూడు షీట్లు. వెయ్యి ప్రతులకు మూడు వేల షీట్లు. రీముకు 500 కాబట్టి ఆరు రీములు. పాడయ్యే కాగితం కింద నూటికి అయిదు చొప్పున ఇంకో 150 షీట్లు. 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 60 గ్రాములు తూగే, కాగితమైతే రీము 11.6 కిలోలు తూగుతుంది. దుకాణంలో సైజు, తూకం చెబితే చాలు, ఇంకేమీ అడగరు. నెల్లూరు నుంచి మద్రాసు 175 కిలోమీటర్లే కనుక జార్జ్ టౌన్ ఆండర్సన్ వీధి కాగితం దుకాణాలు మనవాళ్లకు విజయవాడ కంటే దగ్గర. ఒంగోలు వాళ్లకు విజయవాడే దగ్గర. ఒక పొరపాటు తరచూ జరిగేది: ఆరు రీములూ ఒకేసారి కొనకపోవడం. మూడు ఇప్పుడు, మూడు జీతాలు వచ్చాక అనుకుంటే రెండో విడత కాగితం రంగు తేడా వస్తుంది. 48వ పేజీ దాకా తెలుపు, అక్కడినుంచి పసుపు. పాత పుస్తకాల్లో ఇలాంటిది కనిపిస్తే అది కాలం చేసిన పని కాకపోవచ్చు. డబ్బులు రెండు విడతలుగా దొరికాయనుకోండి.

కంపోజింగు దగ్గర కాసేపు ఆగాలి. కంపోజిటర్ ఎడమచేతిలో వరుస పేర్చుకునే స్టిక్కు, ముందు వాలుగా కేసులు. తెలుగు కేసు ఇంగ్లీషు కేసు లాంటిది కాదు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా, అరలు వందల్లో. అక్షరం తలకిందులుగా, ఎడమనుంచి కుడికి పేర్చుకుంటూ పోతాడు. గద్యమైతే వరుస చివరిదాకా అక్షరాలే. వచన కవితైతే మూడు మాటల తర్వాత పాదం ఆగిపోతుంది. ఆ మిగిలిన చోటును ఊరికే వదలడానికి లేదు. క్వాడ్లు, అంటే అక్షరం లేని సీసపు దిమ్మెలు, పెట్టి బిగించాలి, లేకపోతే ఫారం (కలిపి బిగించిన పేజీల అచ్చు) ఎత్తగానే వరుస జారిపోతుంది. అంటే ఖాళీ కూడా సీసమే. శుభలేఖలు, రసీదులు వేసే చిన్న ప్రెస్సులో అక్షరాలు చాలినా క్వాడ్లు చాలేవి కావు. పొట్టి పాదాల కవిత నాలుగు పేజీలు కూర్చేసరికి క్వాడ్ల అర అడుగు కనిపిస్తుంది. అప్పుడు కొయ్య ముక్కలు, కత్తిరించిన లెడ్లు (వరుసల మధ్య పెట్టే పలచని సీసపు పట్టీలు) పెడతారు. అవి వదులై కదులుతాయి, కదిలినప్పుడు పాదాలు వంకర పోతాయి. లేదా కంపోజిటర్ రెండు పొట్టి పాదాల్ని కలిపి ఒకే వరుస చేసేస్తాడు. ప్రూఫు సొంతంగా చూసుకోని కవుల పుస్తకాల్లో పాదాల విరుపు కొన్ని చోట్ల అర్థం లేకుండా కనిపించడానికి ఇదొక కారణం. అది కవి ప్రయోగం అనుకుని వ్యాసాలు రాసినవాళ్లూ ఉన్నారు.

12 పాయింటు అచ్చు, మధ్యలో 4 పాయింట్ల లెడ్డు పెడితే క్రౌన్ పేజీకి 27 వరుసలు. పేజీ అచ్చు రెండున్నర కిలోల బరువు. నాలుగు పేజీల ఫారం, దాని చుట్టూ ఉండే ఇనుప చట్రం (చేజు), బిగించే దిమ్మెలు (ఫర్నిచర్) కలిపితే ఒక మనిషి జాగ్రత్తగా ఎత్తాల్సిన బరువు. దించేటప్పుడు మూల తగిలితే అచ్చంతా చెదిరి కుప్ప అవుతుంది. మళ్లీ ఏరి కేసుల్లో వేయడానికి, తిరిగి కూర్చడానికి రెండు పూటలు. అలా చెదిరిన పేజీకి కొత్తగా ప్రూఫు తీయకుండా ఎక్కిస్తే కొత్త తప్పులు పుడతాయి. అనుభవమున్న మాస్టారు ప్రెస్సుకు వెళ్లగానే అడిగే మొదటి మాట: ఏదైనా చెదిరిందా?

అన్ని పేజీలూ ఒకేసారి కూర్చి పెట్టడానికి సరిపడా అచ్చు ఏ చిన్న ప్రెస్సులోనూ ఉండేది కాదు. ఎనిమిదో, పదహారో పేజీలకు చాలినంత. కూర్చాలి, ప్రూఫు చూడాలి, అచ్చు వేయాలి, వేసిన అచ్చు విప్పి అక్షరాలు తిరిగి కేసుల్లో వేయాలి, అప్పుడు తర్వాతి పేజీలు. 70వ పేజీ ప్రూఫు చూస్తున్నప్పుడు అయిదో పేజీలో తప్పు గుర్తొస్తే చేసేదేమీ లేదు. ఆ పేజీ అచ్చై, విడిపోయి, ఆ అక్షరాలు ఇప్పుడు ఏ ఎరువుల దుకాణం బిల్లులోనో ఉంటాయి. అందుకే పుస్తకం వెనక తప్పొప్పుల పట్టిక. అందుకే విషయసూచిక, ముందుమాటలు చివర్న అచ్చవుతాయి. ఏ కవిత ఏ పేజీలో పడిందో చివరికి గానీ తెలియదు. పీఠికలు రాసే పెద్దలు ఆలస్యం చేసినా పుస్తకం ఆగకుండా, ముందు పేజీలకు రోమన్ అంకెలు వేసి విడి ఫారంగా కలిపేవాళ్లు. పీఠిక i నుంచి xvi దాకా, కవిత 1 నుంచి మొదలు, ఈ పద్ధతి ఇలా వచ్చింది.

ఫారంలో పేజీల అమరికకు మాస్టార్లకు ఒక చిట్కా తెలుసు. పదహారు పేజీల మడతలో పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కూడితే 17 రావాలి. 1 పక్కన 16, 4 పక్కన 13, 5 పక్కన 12, 8 పక్కన 9. కూడిక తప్పితే పేజీ తప్పినట్టు. ట్రెడిల్ అనే చిన్న అచ్చు యంత్రం మీద ఒకసారికి నాలుగు పేజీలే కనుక పెద్ద షీటును ముందే కోసి నాలుగేసి పేజీల చొప్పున వేసేవాళ్లు. అప్పుడు కూడిక మారుతుంది, పద్ధతి మారదు. 96 పేజీలంటే 24 సార్లు ఎక్కించి దించడం, వెయ్యి ప్రతులకు 24,000 ముద్రలు. గంటకు ఎనిమిది వందలు తీసే చెయ్యైతే ఉత్త అచ్చుకే 30 గంటలు. కరెంటు పోయినా కాలితో తొక్కే ట్రెడిల్ ఆగదు, అదొక్కటీ మేలు.

ప్రూఫు చూడటంలో తెలుగు లెక్చరర్‌కు సాటి లేరు, ఒక షరతు మీద: తన కవిత తాను చూడకూడదు. కంఠతా వచ్చిన పద్యాన్ని కన్ను చదవదు, నోరు చదివేస్తుంది. అందుకని ఒకరు రాతప్రతి బిగ్గరగా చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి పోవాలి. ఎం.ఏ. విద్యార్థులు, పక్క సెక్షన్ లెక్చరర్లు ఈ పనికి కూర్చునేవాళ్లు. ఎక్కడ చూడాలో కూడా ఒక జాబితా ఉండేది: ద, ధ, థ, బ, భ, శ, ష, స, న, ణ, వ, ప. ఒత్తు అంచు సన్నంగా ఉంటుంది కాబట్టి విరిగిపోతుంది. గేలీ ప్రూఫులో (పేజీలు కట్టకముందు తీసే మొదటి ప్రూఫులో) పడినది మిషన్ మీద పడకపోవచ్చు. అరసున్న తిరగబడినా గుర్తుపట్టడం కష్టం. దిద్దిన వరుసకు పైనా కిందా ఉన్న వరుసలు తప్పకుండా మళ్లీ చదవాలి. దిద్దుబాటు కోసం చిమటాతో ఒక అక్షరం లాగినప్పుడు పక్క వరుసలో ఇంకోటి ఊడుతుంది, రెండో ప్రూఫులో దొరికే తప్పులు ఎక్కువగా ఇలాంటివే. మూడోది మిషన్ ప్రూఫు. ఫారం బిగించాక, అచ్చు మొదలయ్యే ముందు తీసిన కాగితం మీద సంతకం చేస్తేనే ట్రెడిల్ తిరుగుతుంది. ఆ కాగితం కోసం మాస్టార్లు మధ్యాహ్నం పీరియడ్ లేని గంటలో సైకిలెక్కి ట్రంకు రోడ్డు దాటి వెళ్లేవాళ్లు. కావలిలో పాఠం చెబుతూ నెల్లూరులో అచ్చు వేయించేవాళ్లకు ప్రూఫులు రైల్లో వచ్చి రైల్లో పోయేవి.

వచన కవితకు ప్రూఫులో ఇంకో జాగ్రత్త ఉంది. రెండు ఖండికల మధ్య ఖాళీ సరిగ్గా పేజీ చివర పడితే అది మాయమైపోతుంది. పై పేజీ చివరి పాదం, కింది పేజీ మొదటి పాదం ఒకే ఊపులో కలిసిపోతాయి. ఒక లెడ్డు తీసో, ఒక వరుస కిందికి నెట్టో ఖండికను పేజీ మధ్యలో విరిగేట్టు చేయాలి. ఇది తెలిసిన కవి అచ్చులో చూసుకున్నాక తన కవితనే కుదించడమో పెంచడమో చేస్తాడు. ప్రెస్సు తెలిసిన కవుల పొట్టి కవితలు ఒక పేజీలో ఒదగడం కాకతాళీయం కాదు. 27 వరుసల్లో శీర్షికకు నాలుగు పోతే 23. ఆ 23 వాళ్ల చేతికి అలవాటైంది.

మన జిల్లాల వాతావరణం అచ్చుకు రెండువైపులా శత్రువే. రోహిణీ కార్తెలో రోలర్లు మెత్తబడతాయి. అప్పటి రోలర్లు జిగురు, బెల్లపు పాకం లాంటి సరుకుతో పోసినవి. ఎండకు సాగి, అక్షరం ముఖం మీదే కాక పక్కలకూ సిరా పూస్తాయి. సున్నలు, 'ల' కడుపులు నిండిపోతాయి. అందుకని మే నెలలో తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేసేవాళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో బాధ. నెల్లూరుకు అసలు వానలు అప్పుడే. తుపాను పట్టినప్పుడు కాగితం తేమ పీల్చి అంచులు అలలు తేలుతుంది, సిరా ఆరదు. ఒక షీటు మీద ఇంకోటి పేరిస్తే ముందు పేజీ అచ్చు వెనక పేజీకి అంటుకుంటుంది. పాత పుస్తకంలో పేజీ మీద అద్దంలో చూసినట్టు నీలినీడగా ఇంకో పేజీ కనిపిస్తే, అది తుపాను రోజుల్లో అచ్చయిందని అనుకోవచ్చు. దీనికి విరుగుడు చిన్న దొంతరలుగా పెట్టడం, మధ్య మధ్య పాత న్యూస్‌ప్రింట్ కాగితం వేయడం, రెండో వైపు అచ్చుకు కనీసం ఒక రోజు ఆగడం. ఆవిష్కరణ తేదీ ముందే ప్రకటించేసి, ఆగడానికి వ్యవధి లేక పాడు చేసుకున్న పుస్తకాలు చాలా ఉన్నాయి.

ముఖచిత్రానికి బ్లాకు కావాలి. బొమ్మ గీసినదైతే లైన్ బ్లాకు, ఫోటో అయితే హాఫ్‌టోన్. జింకు రేకు మీద చేసి, కొయ్యకు బిగించి, అక్షరం ఎత్తుకు తెస్తారు. కవి ఫోటో మామూలు కాగితం మీద వేయాలంటే స్క్రీన్ (అంగుళానికి చుక్కల వరుసల లెక్క) ముతకగా ఉండాలి, 65 లేదా 85. ఆర్ట్ కాగితానికి చేసే 133 స్క్రీన్ బ్లాకును మామూలు కాగితం మీద వేస్తే ముఖమంతా మసి. వెనక అట్ట మీద నల్లటి మచ్చలాగా కనిపించే కవుల ఫోటోలు చాలావరకు ఈ లెక్క తప్పినవే.

బైండింగుకు మైదా బంక. నీళ్లు కాగాక మైదా కలిపి, ఉండకట్టకుండా తిప్పుతూ, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది వేయకపోతే బొద్దింకలు, వెండిచేపలు మూడేళ్లలో వీపు తినేస్తాయి. 96 పేజీల పుస్తకాన్ని ఫారాలుగా మడిచి దారంతో కుట్టిస్తే తెరిచినప్పుడు చదునుగా విప్పుకుంటుంది. పక్క పిన్ను కొట్టిస్తే చవక, కానీ లోపలి అంచు అర అంగుళం పోతుంది. పద్యం పాదం మొదటి అక్షరం మడతలోకి వెళ్తుంది. పిన్ను కొట్టించాలనుకుంటే ఆ సంగతి కంపోజింగు మొదలుకాక ముందే చెప్పాలి. పుస్తకం చివరలో డబ్బు చాలక కుట్టు మానేసి పిన్ను కొట్టించడం వల్ల పాడైన పుస్తకాలు చూస్తే బాధగా ఉంటుంది. అన్ని నెలల శ్రమ చివరి రెండు రోజుల్లో దెబ్బతినడం.

ప్రచురణకర్త పేరు సంగతి. చాలా పుస్తకాల మీద ప్రచురణకర్తగా కవి భార్య పేరు ఉంటుంది. అది ప్రేమతో చేసిందే అయినా, దానికి వెనక ఒక నియమం కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి. కవిత్వం రాయడం వ్యాపారం కాదు, కానీ పుస్తకం వెల వేసి అమ్మితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. కనుక సంస్థ ఇల్లాలి పేర. పార్సిళ్లు కట్టడం, పోస్టాఫీసుకు వెళ్లడం, లెక్క రాయడం కూడా చాలా ఇళ్లలో ఆవిడ పనే. పేరు ఊరికే పడలేదని చెప్పడానికే ఇది చెబుతున్నా. 1867 ప్రెస్ చట్టం ప్రకారం ముద్రాపకుడి పేరు, అచ్చైన చోటు, ప్రచురణకర్త పేరు, చోటు పుస్తకం మీద ఉండి తీరాల్సి వచ్చేది. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరాకు, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ప్రతి పంపాలి. ఇవి శ్రద్ధగా పంపినవాళ్ల పుస్తకాలు ఈనాటికీ ఆ చోట్ల దొరుకుతున్నాయి. ఊళ్లో ఒక్క ప్రతీ మిగలని పుస్తకం కన్నెమరాలో ఉండవచ్చు, వెతికేవాళ్లు గుర్తుంచుకోండి.

డబ్బు ఎక్కడినుంచి? చీటీ పాట, పీఎఫ్ అప్పు, స్నేహితుల ముందస్తు చందాలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957 నుంచి 1983లో రద్దయ్యేదాకా సాయం చేసింది. 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం తర్వాత ఆ పని అందుకుంది. భక్తి కావ్యమైతే తిరుమల తిరుపతి దేవస్థానం సాయం. ఎవరి సాయమైనా ఖర్చులో కొంతే. మిగిలింది జీతంలోంచే.

వెయ్యి ప్రతులు ఇంటికి వస్తే 80 కిలోల పైన బరువు. నేల మీద పెట్టకూడదు, గోడకు ఆనించకూడదు, చెద పడుతుంది. మంచం కింద రెండు ఇటుకలు, పైన పలక, ఆ పైన కట్టలు. పత్రికలకు సమీక్షకు రెండేసి ప్రతులు: ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, భారతి, మన నెల్లూరులో జమీన్ రైతు. ఆవిష్కరణ పురమందిరంలోనో వర్ధమాన సమాజంలోనో. ఆ సాయంత్రం అమ్ముడయ్యేవే చేతికి రొక్కం. విజయవాడ దుకాణాలకు ఇస్తే కమీషను మూడో వంతుకు తగ్గదు, లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది. కాస్త నమ్మకమైనది గ్రంథాలయ సంస్థల కొనుగోలు. అది కూడా ఎంపిక జాబితాలో పేరు వస్తేనే. అసలు ఆధారం బుక్ పోస్టు. కవరు ఒక అంచు తెరిచి ఉంచాల్సి వచ్చేది, లోపల ఉత్తరం పెట్టకూడదు. పెడితే అవతలివాడు అపరాధ రుసుం కట్టి విడిపించుకోవాల్సి వచ్చేది. 'అభినందనలతో' అని పుస్తకం మీదే రాస్తే ఇబ్బంది లేదు. పల్లెటూరి బడిపంతులు చేతికి ఒక నెల్లూరు కవి పుస్తకం చేరిందంటే ఆ చవక టపా వల్లే. రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలకు కలిగిన నష్టం ఇంకా ఎవరూ సరిగ్గా లెక్కగట్టలేదు.

ఎనభైల చివర, తొంభైల మొదట్లో కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చింది. అను, శ్రీలిపి అక్షరాలు, పేజ్‌మేకర్. అన్ని పేజీలూ ఒకేసారి కళ్లముందు ఉంటాయి, ఆఫ్‌సెట్ అచ్చుకు ప్లేటు వేసేదాకా ఏ పేజీనైనా దిద్దవచ్చు. తప్పొప్పుల పట్టికలు మాయమయ్యాయి, తప్పులు మాత్రం మాయం కాలేదు. చదివి వినిపించే రెండో మనిషి పోయాడు మరి. ట్రేసింగ్ కాగితం మీద లేజర్ ప్రింటు తీసేటప్పుడు అక్షరం తిరగేసి తీయాలి. అప్పుడు నలుపు ప్లేటుకు ఆనుకుని అంచు పదునుగా వస్తుంది. మామూలుగా తీస్తే కాగితం మందం మధ్యలో పడి సన్నని గీతలు తినేస్తుంది. తొలి ఆఫ్‌సెట్ పుస్తకాల్లో తలకట్లు పలచబడటానికి కారణం అది. ఇప్పుడు ఆ పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి, అరసున్న, బండి ఱ పోతాయి. పద్యాల పుస్తకమైతే మార్చిన ప్రతిని ఛందస్సు చూస్తూ చదివితే సగం తప్పులు వాటంతటవే దొరుకుతాయి. గణం కుదరని చోట తప్పుంది.

ఈ పుస్తకాలు ఇప్పుడు స్కాన్ చేస్తున్నవాళ్లు మన జిల్లాల్లో కొందరున్నారు. వాళ్లకు ఉపయోగపడే నాలుగు సంగతులు. సంవత్సరం వేయని పుస్తకాలు చాలా ఉంటాయి. వెల అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ కంటే ముందుది. 'న.పై.' (నయా పైసలు) అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. 'ఆంధ్ర రాష్ట్రం' అని ఉంటే 1953–56. 'ఒంగోలు జిల్లా' అని ఉంటే 1970–72, ఎందుకంటే జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడి 1972లో ప్రకాశం అయింది. కందుకూరు చిరునామా అయితే ఇంకా జాగ్రత్త: 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆపైన ఒంగోలు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్, 524 తోనో 523 తోనో మొదలయ్యేది, ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల తేడా రావచ్చు. 'పింగళ ఆషాఢం' అంటే 1977 కావచ్చు, 1917 కావచ్చు. వెల ఏ నాణెంలో ఉందో చూస్తే తేలుతుంది.

పిన్ను పుస్తకాలను లాగి విప్పకండి. తుప్పు పట్టిన పిన్ను కొసల్ని వెనకనుంచి మొద్దు చాకుతో లేపి, నిటారు చేసి, ముందునుంచి తీయాలి. స్కాన్ 400 డీపీఐ, రంగుల్లో. నలుపు తెలుపుల్లో చేస్తే లెటర్ ప్రెస్సు సన్నని ఒత్తులు ఎగిరిపోతాయి. తప్పొప్పుల పట్టిక చాలాసార్లు విడి చీటీగా ఉంటుంది, ముందు దాన్ని తీసుకోండి, పోయేది అదే. కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కిస్తే 60 ఏళ్లు. అంతకులోపైతే వారసుల్ని అడగాలి. హక్కులు ఇల్లాలి పేర ఉన్నాయేమో ముందు చూసుకోండి.

ముఖపత్రం, అంటే లోపల పుస్తకం పేరుండే పేజీ, దాని వెనక పేజీని ఖాళీ పేజీ అనుకుని కొందరు వదిలేస్తున్నారు. ప్రతులెన్ని, వెల ఎంత, ఏ ప్రెస్సు, ఏ వీధి, ప్రతులకు ఏ ఇంటి నంబరు, అన్నీ ఉండేది అక్కడే. 1867 చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం పుస్తకాల్ని వదిలేసి పత్రికలకే పరిమితమైంది. కాబట్టి ఇకమీదట వచ్చే పుస్తకాల్లో ఆ వివరాలు ఉంటాయన్న భరోసా లేదు. పాతవాటిలో ఉన్నవైనా పోగొట్టుకోకూడదు. అట్ట లోపల లైబ్రరీ రబ్బరు ముద్ర ఉంటే అది కూడా తీయండి. ముద్రలో పుస్తకం చేరిన తేదీ ఉంటుంది. పుస్తకం మీద ఏ సంవత్సరమూ లేనప్పుడు, అప్పటికే అది అచ్చయి ఉందని తేదీతో సహా చెప్పగల ఆధారం ఆ ముద్రే.